ఓరుగల్లు కోట ద్వారం చూడబోయే విజయవాడ, గుంటూరు వాసులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు నుంచి ఓరుగల్లు కోటకు బయలుదేరే బంధుమిత్రులు ఏటా నన్ను అవే సందేహాలు అడుగుతుంటారు. వెళ్లి వచ్చాక చాలామంది "తోరణం చూశాం, చాలా బాగుంది" అంటారు. కోట గుమ్మం ఎలా ఉందని నేను అడిగితే, "అదెక్కడుంది?" అని తిరిగి నన్నే అడుగుతారు. ఏడువందల ఏళ్లకు పైబడిన రాతి ద్వారం గుండా ఆటోలో లోపలికి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చి కూడా దాన్ని చూడకుండా ఇల్లు చేరడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే ఆ సందేహాలను ప్రయాణ క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

ఓరుగల్లు కోట ద్వారం అంటే ఫొటోల్లో కనిపించే ఆ రాతి తోరణమే కదా?

కాదు. ఫొటోల్లోనూ, 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటుగానూ చోటు చేసుకున్న కాకతీయ తోరణం కోటకు కట్టిన ద్వారం కాదు, కోట నడిమధ్యన ఒకప్పుడు ఉన్న స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టిన నాలుగు కీర్తి తోరణాల్లో ఒకటి. దానికి తలుపులు లేవు, ఇరుపక్కలా గోడ లేదు. శత్రువును ఆపే పని దానికి ఎన్నడూ లేదు.

అసలు నగర ద్వారాలు అక్కడికి అరకిలోమీటరుకు పైగా దూరాన, రాతికోట గోడలో ఉన్నాయి. ఈ గోడ దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో నగరాన్ని గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. దానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయి. వాటిలో తూర్పు, పడమర ద్వారాల గుండా నేటికీ రోడ్డు నడుస్తోంది. ఆటోలు, పాల బండ్లు, బడి పిల్లల సైకిళ్లు వాటిలోంచే వెళుతుంటాయి. వాడుకలో ఉన్నందువల్లే అవి చూడవలసిన కట్టడాలన్న ధ్యాస ఎవరికీ కలగదు. మీరు కేటాయించుకున్న సమయంలో కనీసం గంటసేపు ఒక ద్వారం దగ్గర గడపాలని నా మనవి.

మనకు కొండపల్లి, కొండవీడు దగ్గరలోనే ఉండగా అంత దూరం వెళ్లడం ఎందుకు?

కొండపల్లి, కొండవీడు గిరిదుర్గాలు. శత్రువు ఎక్కి రావలసిన కొండే అక్కడ సగం కాపలా కాస్తుంది. గోడలు, దర్వాజాలు మిగిలిన సగం పని చేస్తాయి. ఓరుగల్లు బయలు నేల మీద కట్టిన కోట. అక్కడ కొండ చేయవలసిన పనంతా మనుషులే చేయవలసి వచ్చింది. అందుకే ఒకదాని లోపల ఒకటిగా మట్టికోట, అగడ్త, రాతికోట, మళ్లీ దానికో అగడ్త, వాటిని దాటించే మెలికల ద్వారాలు కనిపిస్తాయి. కొండవీటి రెడ్డి రాజ్యం పుట్టుక కూడా 1323లో ఈ కోట పడిపోయిన తరువాతి కథే కాబట్టి, ముందు కొండవీడు చూసి ఆ తరువాత ఓరుగల్లు చూసినవారికి ఆ రెండింటి మధ్య తేడా చెప్పకుండానే అర్థమవుతుంది.

ఏ నెలలో వెళితే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగవచ్చు. నాకు మాత్రం వానలు బాగా పడిన తరువాత, భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో వెళ్లడం ఇష్టం. మట్టికోట పచ్చగా ఉంటుంది, అగడ్తలో నీళ్లు నిలిచిన చోట గోడ నీడ పడి పాత నగరం ఎలా ఉండేదో ఊహకు అందుతుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. ఆ వారంలో వరంగల్ రైళ్లు, బస్సులు, బసలు అన్నీ జాతరకు వచ్చే భక్తులతో నిండిపోతాయి కాబట్టి, కోట కోసమే వెళ్లేవారు ఆ రోజులు తప్పించుకోవడం మేలు.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్లవద్దు. ఒక మే నెలలో మిట్టమధ్యాహ్నం మా పెద్దమ్మగారిని తీసుకెళ్లిన తప్పు నాది. తోరణాల దగ్గర ఆవిడకు కళ్లు తిరిగితే, వెనక్కి తీసుకొచ్చి పడమటి ద్వారం నీడలో గంటకు పైగా కూర్చోబెట్టవలసి వచ్చింది. బయట రాయి చేయి పెట్టనివ్వనంత వేడిగా ఉన్నా ఆ నీడలోని రాయి చల్లగానే ఉంది. ఆవిడ తేరుకునేదాకా చేసే పని లేక నేను ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నాను. ఆ ద్వారాన్ని నేను మొదటిసారి చూసింది ఆ గంటలోనే. అప్పటికి నేను అదే ద్వారం నాలుగుసార్లు దాటాను.

ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

వెళ్లి రావచ్చు. విజయవాడ నుంచి వరంగల్‌కు రైలులో మూడు గంటలు, కొంచెం అటూ ఇటూ. ఉదయం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి సాయంత్రం అదే రైలులో తిరిగి వస్తే మధ్యలో పూర్తి పగలు చేతిలో ఉంటుంది. గుంటూరువారికి తెల్లవారుజామున బయలుదేరే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ అనుకూలం. అది విజయవాడ, ఖమ్మం మీదుగానే వెళుతుంది. అయితే దాని తిరుగు రైలు మధ్యాహ్నమే వరంగల్ దాటిపోతుంది కాబట్టి, రావడానికి సాయంత్రం రైలు ఎక్కి విజయవాడలో మారడం మంచిది. వేళలు మారుతుంటాయి, టికెట్టు తీసుకునేటప్పుడు మరోసారి సరిచూసుకోండి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

నిస్సంకోచంగా తీసుకెళ్లవచ్చు. బయలు నేల కోట కావడం ఇక్కడ మనకు కలిసివచ్చే సంగతి. ద్వారం దాకా, తోరణాల ప్రాంగణం దాకా వాహనం వెళుతుంది. ప్రాంగణంలో నేల చాలావరకు సమతలం. గోడ మీదికి ఎక్కే మెట్లు, ఏకశిల గుట్ట మాత్రమే వారు మానుకోవలసినవి. చేతికర్ర, టోపీ, కూర్చోవడానికి ఒక చిన్న చాప ఉంటే చాలు.

ముందుగా చరిత్ర ఎంతవరకు తెలుసుకుని వెళ్లాలి?

నాలుగు పేర్లు, రెండు ముట్టడులు గుర్తుంటే ద్వారం ముందు నిలబడినప్పుడు సరిపోతుంది. కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. అక్కడి వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుడి కాలంలోనే ఓరుగల్లులో పని మొదలైందని చెబుతారు. రాతికోటను నిలబెట్టినవాడు గణపతిదేవుడు, ఆయన 1199 నుంచి 1262 దాకా పాలించాడు. ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ గోడ ఎత్తు పెంచి, దాని చుట్టూ మట్టికోటను, అగడ్తను బలపరచింది. ఆమె మనుమడు ప్రతాపరుద్రుడి కాలంలో ఈ గోడలకు పరీక్ష ఎదురైంది.

1310లో మాలిక్ కాఫూర్ సేన మట్టికోటను దాటి రాతికోట అగడ్త దాకా వచ్చింది. రాతి ద్వారం పడకముందే ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ గద్దెనెక్కినవాడు, రెండోసారి దండెత్తి దీర్ఘకాలం ముట్టడించి కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తరలిస్తున్న దారిలో నర్మదా తీరాన ప్రతాపరుద్రుడు మరణించాడని తరువాతి తరం శాసనం చెబుతోంది. మీరు దాటే ద్వారం ఈ రెండు ముట్టడులనూ చూసినదే.

## చేరుకునేటప్పుడు

వరంగల్‌లో దిగాలా, కాజీపేటలోనా? కారులో వెళితే ఎలా?

వరంగల్ స్టేషన్‌లోనే దిగండి. విజయవాడ వైపు నుంచి వచ్చేటప్పుడు కాజీపేట కంటే ముందు వచ్చేది అదే. అక్కడి నుంచి కోట రెండు, మూడు కిలోమీటర్లే. కాజీపేటలో దిగితే హనుమకొండ, వరంగల్ ఊళ్లు రెండూ దాటి వెనక్కి రావాలి. కారులోనైతే ఖమ్మం, మరిపెడ, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా ఐదు గంటల దాకా పడుతుంది. పగటి వెలుతురులో కోట చూడాలనుకునేవారికి రైలే నయం.

స్టేషన్ బయట ఆటో అతనికి ఏమని చెప్పాలి?

"కోట" అన్నా, "ఫోర్ట్" అన్నా నేరుగా తోరణాల ప్రాంగణం ముందు దింపేస్తారు. అక్కడివారు ఆ ప్రాంతాన్ని ఖిలా వరంగల్ అంటారు. దానిలోనే పడమర కోట, మధ్యకోట, తూర్పు కోట అని పేటలున్నాయి. "అన్నా, ఖిలా వరంగల్ పోవాలె, పడమర కోట దర్వాజ కాడ ఆపు, అక్కడి నుంచి నడిచిపోతం" అని మన యాసలోనైనా, వారి యాసలోనైనా స్పష్టంగా చెప్పండి. దర్వాజ ముందే, అంటే గోడకు బయటే, దిగాలన్నది ముఖ్యం. లోపలికి వెళ్లాక దిగితే శత్రువు వైపు నుంచి ద్వారం ఎలా కనిపించేదో మీకు తెలియదు.

గుంటూరు మిర్చి వ్యాపారంలో ఉన్నవారికి వరంగల్ అనగానే ఎనుమాముల మార్కెట్ యార్డు గుర్తుకు వస్తుంది. పని మీద అక్కడికి వెళ్లినప్పుడు ఒక పూట మిగిలినా కోట ద్వారం చూసి రావచ్చు, రెండూ ఒకే ఊళ్లో ఉన్నవే.

## ద్వారం దగ్గర

మట్టికోట, మట్టికోట అంటారు. తుప్పలు మొలిచిన గట్టు తప్ప నాకేమీ కనబడలేదు. అదేనా?

అదే. చెరువు కట్టలా కనిపించే ఆ గట్టే మట్టికోట. రాతికోటకు బయట దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో తిరిగే ఈ కట్టకు వెలుపల వెడల్పాటి అగడ్త ఉంది. దాని నుంచి తవ్విన మట్టినే కట్టగా పోశారు. దీనికీ బయట, హనుమకొండను కూడా కలుపుకుంటూ, ఇంకా పెద్ద మట్టి ప్రాకారం ఉండేది. దాని ఆనవాళ్లు ఇప్పుడు ఊరి పెరుగుదలలో చాలావరకు కలిసిపోయాయి.

రాతిగోడ ఉండగా మట్టిగోడ ఎందుకన్న ప్రశ్న పిల్లలు తప్పక అడుగుతారు. రాతిగోడకు బండరాయి తగిలితే రాయి పగులుతుంది, కీలు కదులుతుంది. దిమ్మిస చేసి గట్టిపరచిన మట్టి కట్ట ఆ దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది. 1310 ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, ఈ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగేది కాదని, యంత్రంతో విసిరిన బండరాయి పిల్లలు ఆడుకునే కాయలా తగిలి వెనక్కి ఎగిరిపడేదని రాశాడు. ఆయన ఢిల్లీ పక్షాన రాసిన కవి. శత్రువు నోటి నుంచి వచ్చిన ఆ మెప్పు మన ఒడ్డర పనివాళ్లకు చెందుతుందని నేను నమ్ముతాను. ఆ కట్ట పక్కన ఆటో ఆపించి, దాని వాలును ఒకసారి కింద నుంచి పైదాకా చూడండి.

ద్వారంలోకి రోడ్డు తిన్నగా వెళ్లక మెలికలు ఎందుకు తిరుగుతుంది?

ఇదే ఆ ద్వారంలో ప్రాణం లాంటి సంగతి. బయటి నుంచి వచ్చేవాడికి ఎదురుగా గుమ్మం కనిపించదు, ఎదురుగా గోడే కనిపిస్తుంది. పక్కకు తిరిగితే బయటి గుమ్మం, అది దాటితే చుట్టూ ఎత్తయిన గోడలున్న ఒక ఆవరణ, అందులో మళ్లీ తిరిగితే లోపలి గుమ్మం వస్తాయి. తలుపులను ఢీకొట్టే ఏనుగుకు పరుగు కావాలి. తిన్నని దారి లేకపోతే దానికి పరుగు అందదు. దూలంతో తలుపు బద్దలు కొట్టే మనుషులకూ అంతే. మొదటి గుమ్మం బద్దలైనా, లోపలికి వచ్చిన సైన్యం ఆ ఆవరణలో ఇరుక్కుంటుంది. మూడు వైపుల నుంచీ గోడల మీది వారు వాళ్లను చూస్తుంటారు, వాళ్లకు మాత్రం పైవారు సరిగా కనబడరు.

ఈ విషయం కాగితం మీద చదివితే అర్థమవుతుంది కానీ ఒంటికి తెలియదు. అందుకే బయట నుంచి నడిచి రమ్మంటాను. ఆవరణ మధ్యలో ఆగి, తల ఎత్తి చుట్టూ చూడండి. వెనక్కి తిరిగితే వచ్చిన దారి గోడ మలుపులో దాగిపోయి ఉంటుంది, ముందు దారీ కనిపించదు. చేతిలో డాలు, నెత్తిన ఎండ, పైనుంచి రాళ్లు, బాణాలు పడుతున్నాయని ఊహించుకుంటే 1310లో రాతి ద్వారం దాకా వచ్చిన సేన దానిలోకి దూరడానికి ఎందుకు తొందరపడలేదో తెలుస్తుంది. వెనుక నుంచి ఆటో హారన్ కొడుతుంది. పక్కకు జరిగి దారి ఇచ్చి, మళ్లీ అక్కడే నిలబడండి.

గోడ రాళ్ల మధ్య సున్నం లేదంటారు, నిజమేనా? దగ్గరగా ఏం చూడాలి?

నిజమే. రాతికోట అసలు గోడను గ్రానైట్ రాతి దిమ్మెలను సున్నం, అడుసు ఏమీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. దిమ్మెలన్నీ ఒకే కొలతలో ఉండవు. ఒక రాయి మూల చెక్కి ఉంటే పక్క రాయి ఆ చెక్కుడులోకి సరిగ్గా ఒదిగి ఉంటుంది. బరువు, ఒరిపిడి ఈ రెండే వాటిని ఇన్ని శతాబ్దాలు పట్టి ఉంచాయి. గోడ పైభాగాన ఇటుక, సున్నంతో కట్టిన పిట్టగోడ వంటి భాగాలు కనిపిస్తే, అవి కాకతీయుల తరువాత కోటను ఏలినవారు చేర్చినవని గుర్తించవచ్చు.

నేను కూర్చున్న చోట, కంటి ఎత్తున ఉన్న ఒక దిమ్మె అంచు వెంబడి వేలెడంత గుంటలు వరుసగా ఉన్నాయి, దువ్వెన పళ్ల గుర్తుల్లా. రాతిని బండ నుంచి చీల్చడానికి మేకులు దిగగొట్టిన గుంటలు అవి. గుంట వరుస వెంబడి రాయి చీలింది కాబట్టి ప్రతి గుంటా సగమే మిగిలి ఉంది, మిగతా సగం పోయిన రాయి గోడలో ఇంకెక్కడ ఉందో. ఒక గుంటలో చీమలు పుట్ట పెట్టాయి. పెద్దమ్మగారు తేరుకుని, "ఏమిటి నాయనా అలా చూస్తున్నావు?" అని అడిగితే ఆవిడ వేలు పట్టుకుని ఆ గుంటలో పెట్టాను. గుమ్మం పక్క రాళ్లలోనూ, గడప దగ్గరా గుండ్రని కుదుళ్ల కోసం కూడా వెతకండి. పాత కోట తలుపులు బందుల మీద కాక, పైన కింద కుదుళ్లలో నిలిచే ఇరుసుల మీద తిరిగేవి.

గోడ మీదికి ఎక్కవచ్చా?

లోపలి వైపు నుంచి గోడ వెంబడి మెట్ల వరుసలు ఉన్నాయి. ముట్టడి సమయంలో సైనికులు ఎక్కడి నుంచైనా క్షణాల్లో పైకి చేరాలన్న ఉద్దేశంతో వాటిని అంత పొడవునా కట్టారు. పురావస్తు శాఖవారు మూయని చోట, రాళ్లు కదలని చోట ఎక్కవచ్చు. అక్కడి నుంచి బురుజులు స్పష్టంగా కనిపిస్తాయి. మొత్తం 45 బురుజులు గోడలోంచి అగడ్త వైపు పొడుచుకువచ్చి ఉంటాయి, రెండు బురుజుల నడుమ ఎవరు గోడకు చేరినా ఇరువైపుల నుంచీ కొట్టవచ్చు. అంచుకు కటకటాలు లేవు. పిల్లల చేయి వదలవద్దు, వాన పడిన రోజు అసలు ఎక్కవద్దు.

ఫొటోలు తీసుకోవచ్చా? డ్రోన్ ఎగరేయవచ్చా?

ఫోనుతో, చేతి కెమెరాతో తీసుకోవచ్చు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి డ్రోనుకు, స్టాండు పెట్టి చేసే చిత్రీకరణకు ముందస్తు అనుమతి తప్పనిసరి.

కోట లోపల ఇళ్లు, పొలాలు ఉన్నాయే! అక్కడివాళ్లు ఏమీ అనరా?

ఓరుగల్లు కోట ఖాళీ కోట కాదు, గోడల నడుమ నేటికీ జనం బతుకుతున్న ఊరు. గుమ్మం పక్క అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు అది వీధి మలుపు. ఇళ్ల ముందు నిలబడి ఫొటోలు తీసేటప్పుడు అడగండి, పొలం గట్లు తొక్కకండి, అంతే. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాన్ని 2010లో సవరించిన చట్టం నిషేధిస్తుంది, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. అంటే ఈ గోడలు నిలవడానికి అక్కడివాళ్లు తమ ఇంటిపై ఇంకో గది వేసుకునే వీలును కూడా వదులుకుంటున్నారు. మంచినీళ్లు అడిగితే కాదనని ఆ ఇళ్లవారితో మర్యాదగా మెలగడం మన బాధ్యత.

## లోపల

తోరణాల్లో ఏది బాగా చూడదగినది?

నాలుగూ ఒకే నమూనాలో ఉంటాయి. ఎత్తు సుమారు 10 మీటర్లు, రెండు పక్కలా స్తంభాలు, వాటి మీంచి ఏటవాలుగా వచ్చే దన్నులు, పైన అడ్డంగా భారీ దూలం. దూలం కింద వేలాడే తామర మొగ్గలు, పూలదండలు, పైన హంసలు చూడండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం వేళల్లోనే చెక్కడం లోతు తెలుస్తుంది. ఒక తోరణం మధ్య నిలబడి ఎదుటి తోరణం లోంచి చూస్తే, చూపు వెళ్లే దిక్కునే కోట ద్వారం ఉంటుంది. నాలుగు ద్వారాల నుంచి వచ్చే నాలుగు రాజవీధులు ఈ గుడి దగ్గరే కలిసేలా నగరాన్ని పథకం వేసి కట్టారు. గుడి ఇప్పుడు లేదు. దాని స్తంభాలు, చెక్కిన రాళ్లు నేల మీద వరుసలుగా పేర్చి ఉన్నాయి.

టికెట్ ఎక్కడ తీసుకోవాలి?

తోరణాల ప్రాంగణం ప్రవేశం దగ్గర. రుసుము కొద్దిపాటిది, 15 ఏళ్ల లోపు పిల్లలకు లేదు. కోట ద్వారాలు, గోడ, అగడ్త చూడడానికి టికెట్ అవసరం లేదు, అవి ఊరి దారిలోనే ఉన్నాయి.

ఖుష్ మహల్, ఏకశిల గుట్ట కూడా చూడాలా?

సమయం ఉంటే రెండూ చూడండి. ఖుష్ మహల్ తోరణాలకు దగ్గరలోనే ఉంది. మందపాటి గోడలు లోపలికి వాలి ఉండే ఆ పొడవాటి సభామందిరం తీరు తుగ్లక్‌ల కాలపు కట్టడాలను పోలి ఉంటుంది. తరువాత కోటను ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడనే వాదన కూడా ఉంది. ఏకశిల గుట్ట అంటే ఊరికి ఓరుగల్లు, ఏకశిలానగరం అనే పేర్లు తెచ్చిన ఒంటి రాయి. పైకి ఎక్కితే గోడ గుండ్రని తీరు ఒక్క చూపులో తెలుస్తుంది. రెండింటిలో ఒకటే వీలైతే నేను గుట్టకే ఓటు వేస్తాను.

పిల్లలు విసుక్కోకుండా ఎలా చూపించాలి?

వాళ్లకు చరిత్ర చెప్పకండి, పని పెట్టండి. ద్వారంలో ఎన్ని మలుపులున్నాయో లెక్కపెట్టమనండి, ఒకరిని గోడ మీద, ఒకరిని ఆవరణలో నిలబెట్టి ఎవరికి ఎవరు కనిపిస్తున్నారో అరిచి చెప్పమనండి. మా అన్నయ్య కొడుకు పదేళ్లవాడు, మూడోసారి ఆడాక, "బాబాయ్, ఇందులోకి ఎవడు వచ్చినా అయిపోయినట్టే కదా!" అన్నాడు. అంతకంటే వివరంగా ఏ గైడూ చెప్పలేడు.

భోజనం, మంచినీళ్లు దొరుకుతాయా?

కోట లోపల టీ కొట్లు, చిన్న దుకాణాలే ఉన్నాయి. భోజనానికి స్టేషన్ రోడ్డుకో, హనుమకొండకో వెళ్లాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఏదైనా పులిహోరో, చపాతీలో ఇంటి నుంచి తెచ్చుకుంటే మధ్యాహ్నం వృథా కాదు. తిన్న ఆకులు, సీసాలు అగడ్తలో వేయకండి, దయచేసి.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కోసం ఆగాలా?

రాత్రికి వరంగల్‌లో బస చేసేవారు చూడవచ్చు. అదే రోజు విజయవాడ తిరిగి వచ్చేవారు దాని కోసం రైలు వదులుకోనక్కర లేదు.

## తిరుగు ప్రయాణం

వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప కూడా అదే రోజు చూసేయవచ్చా?

కోటతో పాటు హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని, దారిలో భద్రకాళి అమ్మవారిని చూడవచ్చు. రామప్పను అదే రోజులో ఇరికించవద్దు. రామప్ప గుడి ఉన్న పాలంపేట వరంగల్ నుంచి 65 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత రద్దీ కూడా పెరిగింది. నాలుగూ ఒక్క రోజులో చుట్టేసే ప్యాకేజీల్లో కోటకు ముప్పావు గంట ఇస్తారు, అందులో ద్వారానికి మిగిలేది ఆటో దాటిపోయే అరనిమిషం. రామప్పకు మరో రోజు కేటాయించుకోండి.

ఇంత దూరం వెళ్లి వచ్చాం. మన ప్రాంతంలో కాకతీయుల జాడలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, దగ్గరలోనే ఉన్నాయి. అమరావతి రాజధాని ప్రాంతంలోని మందడం పక్కన మల్కాపురంలో 1261 నాటి శాసన స్తంభం ఉంది. రుద్రమదేవి ఇచ్చిన గ్రామదానం గురించి, విశ్వేశ్వర శివాచార్యులు అక్కడ నడిపిన మఠం, విద్యాలయం, ప్రసూతిశాల, వైద్యశాల, అన్నసత్రం గురించి దానిలో వివరంగా రాసి ఉంది. బాపట్ల జిల్లా తీరంలో చీరాలకు దక్షిణాన ఉన్న మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన వర్తకుల సరుకును రాజు స్వాధీనం చేసుకోడని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాడని ఆ శాసనంలో ఆయన మాట ఇచ్చాడు. ఓరుగల్లులో నగరానికి అన్ని మెలికల ద్వారం కట్టించిన రాజే, సముద్రం వైపు గుమ్మాన్ని ఇలా తెరిచి పెట్టాడు. విజయవాడ నుంచి మోటుపల్లికి ఒక ఆదివారం చాలు.